గేటు ముందు కారు, గోడ మీద చూరు నీళ్లు

బెంగళూరు రామమూర్తినగర్ నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. ఆమె చెప్పిన సంగతి క్లుప్తంగా ఇది.

వీళ్ల సొంతూరు మదనపల్లె దగ్గర. 2014లో ఇరవై ముప్పై అడుగుల ఖాళీ సైటు కొని, పైన ఒక అంతస్తుతో ఇల్లు కట్టుకున్నారు. పక్కింటివాళ్లు కన్నడవాళ్లు, ఆ వీధిలో అందరికంటే పాతవాళ్లు. మొదట్లో వాళ్లది మంగళూరు పెంకుటిల్లు. దాన్ని తీసేసి మూడంతస్తుల మేడ కట్టుకున్నారు. రెండేళ్ల కిందట మిద్దె మీద ఇనుప గొట్టాలు నిలబెట్టి రేకులు వేయించి, వాలు మాత్రం వీళ్ల వైపు పెట్టారు. పెద్ద వాన వస్తే నీళ్లన్నీ వీళ్ల గోడ మీద దూకుతున్నాయి. పడకగది గోడకు చెమ్మెక్కి పెచ్చులూడుతున్నాయి. అడిగితే పక్కింటాయన, "మా పెంకుటిల్లు ఉన్నప్పుడు కూడా నీళ్లు ఇటే పడేవి" అన్నాడట.

రెండోది కారు. పక్కింట్లో కింది భాగం కారు పెట్టుకోవడానికని వదిలిన చోటు. ఇప్పుడది టైలర్ షాపు. అందుకని ఆ ఇంటి కారు రోడ్డు మీదే, ఎక్కువ భాగం వీళ్ల ప్రహరీ ముందు, కొంచెం గేటుకు అడ్డంగా ఉంటోంది. అత్తగారికి డయాలసిస్ జరుగుతోంది. ఆటో గేటు దాకా రాలేక ఆమె వీధిలో నడవాల్సి వస్తోంది. విసిగి వీళ్లు రోడ్డు మీద పూలకుండీలు పెట్టి, గొలుసు కట్టి, నో పార్కింగ్ బోర్డు తగిలించారు. ఎవరో ఫిర్యాదు చేస్తే కార్పొరేషన్ సిబ్బంది వచ్చి కుండీలూ గొలుసూ తీసుకెళ్లారు. పోతూ పోతూ, మోరీ మీదుగా రోడ్డులోకి వచ్చిన మీ ర్యాంపు కూడా తప్పే అని చెప్పి వెళ్లారు.

అప్పుడు ఈమె కారునూ రేకులనూ కలిపి యాప్‌లో ఒకే ఫిర్యాదు పెట్టారు. ట్రాఫిక్ వాళ్లు కార్పొరేషన్‌ను అడగమన్నారు, కార్పొరేషన్ వాళ్లు పోలీసులను అడగమన్నారు. ఆఖరికి ఎవరూ రాకుండానే 'పరిష్కరించబడింది' అని మెసేజ్ వచ్చింది. "మా ఆయన ఇల్లు అమ్మేసి వెళ్లిపోదాం అంటున్నారు. మా తమ్ముడు ఒక ఆదివారం వచ్చి రేకులు కోసిపడేస్తానంటున్నాడు. మబ్బు పడితే చాలు నాకు టెన్షన్. ఉగాదికి ఒబ్బట్లు పంపే ఆ ఇంటి అక్క ఇప్పుడు నన్ను చూసి తల తిప్పుకుంటోంది. కోర్టుకు వెళ్లనా? కన్నడ మాట్లాడగలను గానీ రాయలేను. ఏం చేయమంటారు?" అని ముగించారు.

మీ ఉత్తరం చదివాక నాకు అనిపించింది మొదట చెబుతాను. మీకు రెండు గొడవలు ఉన్నాయి, కానీ మీరు ఒకే గొడవగా పోరాడుతున్నారు. రేకుల విషయంలో మీ పక్షం గట్టిది. కారు విషయంలో మీ పక్షం మీరనుకున్నంత గట్టిది కాదు. రెండూ కలిపేసరికి బలహీనమైనది గట్టిదాన్ని కూడా కిందికి లాగుతోంది. కుండీలు ఎత్తుకుపోయిన రోజు నుంచి వీధిలో జనం మాట్లాడుకుంటున్నది మీ గొలుసు గురించే, మీ గోడ చెమ్మ గురించి కాదు. అవునా?

కారు సంగతి ముందు తేల్చుకుందాం. మీ ప్రహరీ ముందున్న రోడ్డు మీది కాదు. ఈ మాట బెంగళూరులో సొంత ఇల్లున్న ఎవరికీ నచ్చదు, కానీ అంతే. అక్కడ కుండీ పెట్టే హక్కు మీకూ లేదు, ఎదురింటివాళ్లకూ లేదు. సొంతంగా రాయించుకున్న నో పార్కింగ్ బోర్డుకు పెయింటు ఖర్చు తప్ప విలువ లేదు. మీకు నిజంగా ఉన్న హక్కు గేటు దగ్గర. 2017లో వచ్చిన మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనల ప్రకారం ఏ ప్రాంగణం ప్రవేశానికీ అడ్డంగా బండి ఆపకూడదు. అంటే ప్రహరీ ముందు ఆ కారు ఉన్నంతసేపు మీరు చేయగలిగింది పెద్దగా లేదు. గేటును మూసిన ఆ కాస్త భాగం మాత్రం తప్పు, అది ట్రాఫిక్ పోలీసుల పని, కార్పొరేషన్‌ది కాదు. ఫొటో తీస్తే గేటూ నంబరు ప్లేటూ ఒకే ఫొటోలో కనబడాలి. ట్రాఫిక్ పోలీసుల 'అస్త్రం' అనే యాప్‌లో పంపండి. అత్తగారిని ఆస్పత్రికి తీసుకెళ్లే సమయానికి దారి మూసుకుపోయి ఉంటే యాప్ కోసం చూడకుండా 112కు ఫోన్ చేయండి. నిషేధం ఉన్న చోట ఆపిన బండిని, లేదా పది గంటలకు పైగా రోడ్డు మీద వదిలేసిన బండిని తీయించే అధికారం మోటారు వాహనాల చట్టం 127వ సెక్షన్ యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారికి ఇచ్చింది. అలాగని ప్రతిసారీ క్రేన్ వస్తుందని ఆశ పెట్టుకోకండి. టోయింగ్ సిబ్బంది తీరు మీద గోల రేగి 2022లో నగరమంతా టోయింగే ఆపేశారు, గుర్తుందా? మీకు దొరికేది మహా అయితే ఒక చలానా, దాని వల్ల కొన్ని వారాల క్రమశిక్షణ.

ఇంటి ముందు స్థలానికి ప్రభుత్వమే పర్మిట్ ఇస్తే బాగుండునని మీరు రాశారు. ఆ ఆలోచన ప్రభుత్వానికీ వచ్చింది. 2021లో ఆమోదం పొందిన పార్కింగ్ విధానంలో నివాస వీధులకు ఏడాది పర్మిట్లు, బండి సైజును బట్టి వెయ్యి నుంచి అయిదు వేల రూపాయల దాకా రుసుము ప్రతిపాదించారు. అది వీధుల దాకా రాలేదు. వచ్చినా మీ పక్కింటాయన ఆ రుసుము కట్టి దర్జాగా అక్కడే పెట్టుకుంటాడు, అది కూడా ఆలోచించండి.

ఇక రేకులు. ఇక్కడ మీకు ధైర్యం చెబుతాను. తన కప్పు మీద పడిన నీళ్లను పక్కవాడి స్థలంలోకి వదిలే హక్కు ఎవరికీ ఊరికే రాదు. ఇరవై ఏళ్లు నిరాటంకంగా, బాహాటంగా, హక్కుగా వదులుతూ వస్తే పక్కవాళ్ల స్థలం మీద ఉండే వాడుక హక్కుల గురించి చెప్పే 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం కింద ఒక వాదన పుడుతుంది. పక్కింటాయన పెంకుటింటి ప్రస్తావన తెచ్చింది అందుకే కావచ్చు, ఎవరో చెప్పి ఉంటారు. కానీ ఆ పెంకుటిల్లు ఇప్పుడు లేదు. దాని చూరు నీళ్లు ఖాళీ సైటులో, మట్టిలో ఇంకేవి. ఇప్పుడు మూడంతస్తుల పైనుంచి రేకుల వాలు మీద జారి మీ గోడను కొడుతున్నాయి. ఇంటిని శాశ్వతంగా మార్చేసి పక్కవాళ్ల మీద భారం బాగా పెంచితే, పాత హక్కు ఏదైనా ఉన్నా అది పోతుందని అదే చట్టంలో ఉంది. రెండేళ్ల వయసున్న రేకులకైతే హక్కనేదే పుట్టలేదు.

నీళ్ల లెక్క కూడా ఒకసారి వేసుకోండి, మాట్లాడేటప్పుడు పనికొస్తుంది. ఇరవై అడుగులు, పదిహేను అడుగుల రేకుల మీద 50 మిల్లీమీటర్ల వాన కురిస్తే దాదాపు 1,400 లీటర్లు. మామిడి జల్లుల్లో ఒక్క సాయంత్రం ఆ వాన పడుతుంది, సెప్టెంబరు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఏప్రిల్ వచ్చేసరికి ట్యాంకర్ కోసం మీ వీధి మొత్తం ఫోన్లు చేస్తుంది కదా. ఆ నీటిని రేకుల అంచుకు గట్టర్ కట్టి, ఒక పీవీసీ గొట్టంతో వాళ్ల సంపులోకి దింపుకుంటే నష్టపోయేవాళ్లెవరు? ముప్పై నలభై సైటులో కొత్తగా కట్టే ఇళ్లకు వాన నీటి సేకరణను బెంగళూరు జలమండలి 2009లోనే తప్పనిసరి చేసింది. వాళ్ల ఇల్లు ఆ కొలతలో ఉంటే ఆయనకు ఇది కొత్త విషయం కాదు.

కాబట్టి మొదటి దారి, మాట్లాడటం. మాట్లాడాం, వినలేదు అంటారని తెలుసు. కానీ మీరు మాట్లాడిన ప్రతిసారీ కారుతో మొదలుపెట్టారు, మీ ఉత్తరమే చెబుతోంది. ఈసారి కారు మాట ఎత్తకండి. ఆయనతో కాకుండా ఆ అక్కతో మొదలుపెట్టండి. పడకగదికి పిలిచి గోడ చూపించండి. రేకులు తీయమనకండి, గట్టర్ కట్టమనండి. కొన్ని వేల రూపాయల్లో అయ్యే పని. ఖర్చులో సగం పెట్టుకుంటామని అనాలా వద్దా అనేది మీ ఇష్టం. అంటే పని త్వరగా అవుతుంది, కానీ రేపు గట్టర్ ఆకులతో పూడుకుపోతే శుభ్రం చేయించాల్సింది కూడా మీరే అంటారు. సగం ఇచ్చినా, ఆ గట్టర్ నిర్వహణ వాళ్లదేనని ఒక చిన్న కాగితం మీద రాయించుకోండి. ఈ దారిలో పోయేది పంతం ఒక్కటే. అది మీకు ఎంత ఖరీదో మీకే తెలియాలి.

రెండో దారి కార్పొరేషన్‌కు రాతపూర్వక ఫిర్యాదు. నగరం మొత్తానికీ ఒకే కార్పొరేషన్‌గా ఉన్న పాత బీబీఎంపీ ఇప్పుడు లేదు. 2025 సెప్టెంబరు నుంచి గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద అయిదు కార్పొరేషన్లు వచ్చాయి. కె.ఆర్.పురం, మహదేవపుర నియోజకవర్గాలు కలిపి బెంగళూరు తూర్పు కార్పొరేషన్ అయింది, మీరు అందులోకి వస్తారు. 1533 ఫోన్ నంబరు ఉంది, కానీ మీలాంటి కేసులో ఫోనుకంటే కాగితం మేలు. పాత కౌన్సిల్ గడువు 2020 సెప్టెంబరులో ముగిశాక ఏళ్ల తరబడి ఎన్నికలే జరగలేదు. వెనకటిలా కార్పొరేటర్ ఇంటికెళ్లి చెప్పుకునే వీలు లేక జనమంతా యాప్‌ల మీద పడ్డారు, యాప్‌లో ఫిర్యాదు మూసేయడం ఎంత సులువో మీరే చూశారు.

ఫిర్యాదులో ఏం రాస్తారన్నదే ముఖ్యం. "పక్కింటి నీళ్లు మా మీద పడుతున్నాయి" అని రాస్తే ఇంజినీరు, ఇది మీ ఇద్దరి మధ్య సివిల్ తగాదా అని పక్కన పెడతాడు, అందులో కొంత నిజం కూడా ఉంది. "అనుమతి లేకుండా మిద్దె మీద కట్టడం వేశారు, ప్లానులో పార్కింగ్‌గా చూపిన చోట దుకాణం నడుపుతున్నారు" అని రాస్తే అది కచ్చితంగా వాళ్ల పని. నిజానికి మీ కారు బాధకు మూలం కూడా ఆ టైలర్ షాపే. అయితే ఇక్కడే ఆగి, మీరు ఉత్తరం మధ్యలో ఒక్క వాక్యంలో దాటేసిన సంగతి చూడాలి. "మేం కూడా కారు పెట్టుకునే చోటును అత్తయ్యకు గదిగా మార్చాం, ఆమె మెట్లెక్కలేదు కదా" అని రాశారు. ర్యాంపు సంగతి ఎలాగూ వాళ్ల కంట్లో పడింది. గురివింద గింజ సామెత మీకు అంటగట్టను, మంచాన పడబోయే మనిషికి గది కట్టడం దుకాణం పెట్టడం లాంటిది కాదు. కానీ ప్లాను చేతిలో పట్టుకుని వచ్చిన ఇంజినీరుకు రెండూ ఉల్లంఘనలే. ఆయన మీ పక్కింటి గేటు దాకా వచ్చి మీ గేటు చూడకుండా పోడు. పక్కింటాయన ఎదురు ఫిర్యాదు పెట్టడానికి ఒక్క రోజు చాలు.

అందుకని ఈ దారి ఎంచుకునే ముందు మీ కాగితాలు బయటికి తీయండి. మంజూరైన ప్లాను ఉందా? కార్పొరేషన్ ఆస్తి రికార్డులో మీ ఖాతా ఏదో చూడండి, అన్నీ సక్రమంగా ఉన్నవాటికిచ్చే ఏ ఖాతానా, లేనివాటికిచ్చే బీ ఖాతానా? ఇంటి చుట్టూ ఖాళీ (సెట్‌బ్యాక్) ఎంత వదిలారు? అన్నీ సరిగ్గా ఉండి గది ఒక్కటే తేడా అయితే మీరు ఆ నష్టానికి సిద్ధపడి వెళ్లవచ్చు. ప్లానే లేకపోతే ఈ తుపాకీ ముట్టుకోకపోవడమే మంచిదని నా అభిప్రాయం. అక్రమ కట్టడాలను క్రమబద్ధం చేసే అక్రమ-సక్రమ పథకం వచ్చి అందరివీ సరైపోతాయని మీ వీధిలో అనుకుంటున్నారట. ఆ పథకం మీద సుప్రీంకోర్టు 2017 జనవరిలోనే స్టే ఇచ్చింది. దాన్ని నమ్ముకుని ఎవరూ ఏదీ చేయకండి.

ఫిర్యాదు చేసినంత మాత్రాన రేపే జేసీబీ వస్తుందని కూడా అనుకోవద్దు. ముందు తాత్కాలిక ఉత్తర్వు, దానికి ఇంటి యజమాని సంజాయిషీ, ఆ తర్వాతే ఖరారు ఉత్తర్వు. ఇళ్ల కూల్చివేతలకు పదిహేను రోజుల నోటీసు ఉండాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఇది ఆయనకు ఎంత రక్షణో, రేపు మీ గది మీదికి వస్తే మీకూ అంతే.

మూడో దారి గురించి మీ ఉత్తరంలో ఒక్క మాట కూడా లేదు, చాలామందికి తెలియదు కాబట్టి. జిల్లా న్యాయ సేవల ప్రాధికార సంస్థ దగ్గరికి వెళ్లండి. 1987 చట్టం కింద మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. 15100కు ఫోన్ చేసినా వివరాలు చెబుతారు. కేసు వేయకముందే ఇద్దరినీ పిలిచి కూర్చోబెట్టే ఏర్పాటు అక్కడ ఉంది. మీ మాట వినని మనిషి, సంస్థ ముద్ర ఉన్న కాగితం ఇంటికొస్తే కాస్త నిమ్మళంగా వింటాడు. రాకపోతే రాడు, ఆయన్ను బలవంతంగా కూర్చోబెట్టలేరు. కానీ ఇక్కడ ప్లానుల జోలికి ఎవరూ పోరు, మాట్లాడేది నీళ్ల గురించే. మీ పరిస్థితిలో మొదటి దారి మూసుకుపోతే నేను రెండోదాన్ని దాటేసి దీనికే వస్తాను.

కోర్టు సంగతి అడిగారు. సిటీ సివిల్ కోర్టులో ఇంజంక్షన్ దావా వేయవచ్చు. నీళ్లు ఇటు రాకుండా ఏర్పాటు చేయమని ఆదేశించమని అడగవచ్చు. గోడ పరిస్థితి చూసి రావడానికి కోర్టు ఒక కమిషనర్‌ను పంపవచ్చు, ఆ నివేదిక బాగా పనికొస్తుంది. గెలిచే కేసే అనుకుంటాను. కానీ సంవత్సరాల పని. ఈలోగా గోడ ఆగదు కదా. వాన నీళ్లు ఆగినా ఆగకపోయినా, మీ వైపు గోడకు బయటి నుంచి వాటర్‌ప్రూఫింగ్ ఈ ఎండల్లోనే చేయించండి. ముందు ఫొటోలు, వీడియో తీసి పెట్టుకోండి, అది కూడా వాన పడుతుండగా, పై రేకుల అంచూ కింది గోడా కలిసి కనబడేలా. బిల్లులు దాచండి. తర్వాత ఎవరి ముందు కూర్చున్నా అవే మాట్లాడతాయి.

మీవారు ఇల్లు అమ్మేద్దామంటున్నారు. అలసిపోయిన మనిషి మాట అది, తప్పు పట్టను. కొనడానికి వచ్చినవాళ్లు మొదట చూసేది ఆ చెమ్మ పట్టిన గోడనే, రెండోది గేటు ముందు కారును. ధర అక్కడే పడుతుంది. గోడ బాగైన తర్వాత కూడా అమ్మాలనిపిస్తే అప్పుడు ఆలోచించవచ్చు. అత్తగారి ఆస్పత్రి దగ్గరలో ఉందా లేదా అన్నదే ఆ నిర్ణయంలో పెద్ద విషయం. దాని గురించి మీరు ఏమీ రాయలేదు.

మీ తమ్ముడిని మాత్రం ఆపండి. ఇందులో రెండు మాటల్లేవు. అనుమతి లేని రేకులైనా అవి ఆయన సొత్తే. పైకెక్కి కోస్తే అక్రమ ప్రవేశం, ఆస్తి ధ్వంసం అని మీ తమ్ముడి మీద కేసవుతుంది, బాధితులు అప్పుడు వాళ్లవుతారు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఇప్పటిదాకా ఇది రెండు ఇళ్ల మధ్య నీళ్ల తగాదా. ఊరి నుంచి వచ్చిన కుర్రాడు చేయి చేసుకున్న రోజున ఇది తెలుగువాళ్లూ కన్నడవాళ్లూ అన్న గొడవగా మారడానికి ఎంతోసేపు పట్టదు. పన్నెండేళ్లుగా మీరు ఆ వీధిలో సంపాదించుకున్న మర్యాద అంతా దాంతో పోతుంది.

ఇక రాయడం రాదన్నారు. మీ అమ్మాయి బడిలో కన్నడ చదువుతోందని రాశారు కదా, ఆ పిల్ల చేత రాయించండి. ఒక పేజీ మించనివ్వకండి. కారు ఒక కాగితం, రేకులు ఒక కాగితం, రెండూ వేరు వేరు తేదీల్లో ఇవ్వండి. ట్రాఫిక్ స్టేషన్‌కు ఇచ్చేదానిలో రేకుల మాట రాకూడదు, కార్పొరేషన్‌కు ఇచ్చేదానిలో కారు మాట రాకూడదు. ప్రతిదానికీ రెండు ప్రతులు తీసుకెళ్లి, మీ దగ్గర ఉండే ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ముద్ర వేయనంటే స్పీడ్ పోస్టులో పంపి రశీదు దాచండి. నెల దాటినా జవాబు లేకపోతే, ఫలానా తేదీ ఫిర్యాదు మీద ఏం చర్య తీసుకున్నారని సమాచార హక్కు కింద పది రూపాయల దరఖాస్తు పెట్టండి. దానికి ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. 'పరిష్కరించబడింది' అన్న మెసేజ్ పంపినంత సులువు కాదు అది.